ఐజ్వాల్ గెలిచినా పైలీగులోకి ఎందుకు రాలేదు? టీవీ డబ్బుల సంగతి కొంచెం మాట్లాడుకుందాం

పోస్టు పెద్దదే, తీరిక దొరికినప్పుడు చదవండి.

2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో ఒక మ్యాచ్ 1-1తో డ్రా అయింది. ఆ ఒక్క పాయింటుతో ఐజ్వాల్ ఎఫ్‌సీ ఐ-లీగ్ చాంపియన్ అయిపోయింది. కోల్‌కతాలో నూరేళ్లు దాటిన మోహన్ బగాన్ ఒక్క పాయింటు వెనకపడి రెండో స్థానంలో ఆగింది. ఈశాన్యం నుంచి ఒక క్లబ్బు జాతీయ లీగ్ గెలవడం అదే మొదటిసారి. మిజోరం మొత్తం జనాభా 2011 లెక్కల్లో పదకొండు లక్షలు కూడా లేదు, అందులో నూటికి 94 మంది షెడ్యూల్డ్ తెగల వాళ్లే. అంటే ఆ కప్పు మన కప్పు. అంతకుముందు ఏడాది ఇదే క్లబ్బు కింది స్థానాల్లో ఉండి లీగు నుంచి పడిపోయింది. గోవా క్లబ్బులు తప్పుకుంటే ఖాళీ ఏర్పడి మళ్లీ తీసుకున్నారు. అలా వచ్చిన టీము గెలిచింది. కోచ్ ఖాలిద్ జమీల్, ఇప్పుడు దేశం టీముకి కోచ్ అయిన ఆయనే.

మరి గెలిచాక ఏమైంది? పై సీజన్ నుంచి దేశంలో రెండు లీగులు పక్కపక్కన నడుస్తాయనీ, డబ్బూ టీవీ అంతా ఇండియన్ సూపర్ లీగ్ వైపే ఉంటుందనీ తేలింది. చాంపియన్‌కి అందులో చోటు లేదు. ఐజ్వాల్ వాళ్లు అడిగారు, బతిమాలారు, నిరాహార దీక్షకు కూర్చుంటాం అన్నారు. ఆ ఏడాది ఐఎస్ఎల్‌లోకి కొత్తగా రెండు క్లబ్బులు వచ్చాయి గానీ అవి వేలంలో బిడ్ వేసి వచ్చినవి. ఐజ్వాల్ ఇంతవరకూ ఆ గడప తొక్కలేదు.

గెలిచినోడికి పై మెట్టు దక్కడం ఆటలో మొదటి న్యాయం. అది ఎక్కడ పోయింది అని వెతుక్కుంటూ వెళితే ప్రతిసారీ ఒకే చోటికి చేరాం: టీవీ హక్కుల డబ్బు ఎవరు తీసుకుంటున్నారు, ఎవరు పంచుతున్నారు. ఇది అర్థం కావాలంటే ముందు ఇంగ్లండ్ వెళ్లి రావాలి. ఎందుకంటే ఈ దారి వేసింది వాళ్లే, తర్వాత మనోళ్లు చూసి నేర్చుకుంది కూడా వాళ్లనే.

ఇంగ్లండ్‌లో నాలుగు డివిజన్లలో కలిపి 92 క్లబ్బులు ఉండేవి. చాలాకాలం లీగు మ్యాచ్‌లు టీవీలో లైవ్ రానివ్వలేదు. ఇంట్లో కూర్చుని చూస్తే టికెట్ కొని ఎవడొస్తాడు అని భయం. 1983లో రెండేళ్లకు 52 లక్షల పౌండ్లకు ఒప్పుకున్నారు, ఏడాదికి పది మ్యాచ్‌లు లైవ్. ఆ డబ్బు 92 క్లబ్బులకూ సమానం. మొదటి డివిజన్ చాంపియన్‌కి ఎంతో, నాలుగో డివిజన్ ఆఖరి టీముకి అంతే. పెద్ద క్లబ్బులకి ఇది నచ్చలేదు. టీవీలో జనం చూసేది మమ్మల్ని, డబ్బు మాత్రం అందరికీనా అన్నారు. తెగతెంపులు చేసుకుంటామని బెదిరిస్తూ బెదిరిస్తూ మొదట సగం వాటా, 1988 వచ్చేసరికి ముప్పావు వాటా మొదటి డివిజన్‌కే రాయించుకున్నారు. ఆ ఏడాది ఒప్పందం నాలుగేళ్లకు 4.4 కోట్ల పౌండ్లు. ఇంతలో ఇంకో పాత ఆచారం కూడా పోయింది. హోమ్ టీము గేటు డబ్బులో అవతలి టీముకి వాటా ఇచ్చేది ఒకప్పుడు. 1983తో అదీ ఆగిపోయింది.

1992లో ఆ ముప్పావు వాటా కూడా చాలక 22 క్లబ్బులు మొత్తంగా విడిపోయి ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నాయి. స్కై అనే శాటిలైట్ ఛానల్ అయిదేళ్లకు 30.4 కోట్ల పౌండ్ల ఒప్పందం చేసుకుంది. ఆ తర్వాత అంకెలు ఎట్లా పెరిగాయో చూడండి. 2016 నుంచి మూడేళ్లకు ఒక్క బ్రిటన్‌లో చూపించే హక్కులే 513 కోట్ల పౌండ్లు. ఇప్పుడు నడుస్తున్న నాలుగేళ్ల ఒప్పందం 670 కోట్లు. విదేశాల్లో అమ్ముకునేది దీనికి అదనం. మన ఫోన్లలో అర్ధరాత్రి చూసే మ్యాచ్‌లు ఆ లెక్కలోకే వస్తాయి.

ఇక్కడ వాళ్లని మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. విడిపోయిన వాళ్లు తమలో తాము మాత్రం బాగా పంచుకున్నారు. దేశంలో వచ్చే టీవీ డబ్బులో సగం అందరికీ సమానం, పావు వంతు సీజన్‌లో ఎన్నో స్థానంలో నిలిచారన్న దాన్ని బట్టి, మిగతా పావు టీవీలో ఎన్ని మ్యాచ్‌లు చూపించారన్న దాన్ని బట్టి. విదేశీ డబ్బు 2019 దాకా పూర్తిగా సమానమే. 2016-17లో గెలిచిన చెల్సీకి 15 కోట్ల పౌండ్లు వస్తే, ఆఖరున నిలిచిన సండర్లాండ్‌కి 9.3 కోట్లు వచ్చాయి. ఫస్ట్‌కీ లాస్ట్‌కీ తేడా రెట్టింపు కూడా లేదు. అందుకే అక్కడ ఆఖరి టీము కూడా మంచి ఆటగాడిని కొనగలదు, ఒక్కోసారి పెద్ద టీముని కొట్టగలదు.

కానీ గోడ ఎక్కడుందో చూడండి. అది లీగు లోపల లేదు, లీగు కింద ఉంది. అదే సండర్లాండ్ ఆ ఏడాది కింది డివిజన్‌కి పడిపోయింది. పడిపోయిన వాళ్లకి దెబ్బ తగలకుండా పారాచూట్ పేమెంట్ అని ఇస్తారు: సమాన వాటాలో మొదటి ఏడు 55 శాతం, రెండో ఏడు 45, కొందరికి మూడో ఏడు 20. ఆ పారాచూట్ కట్టుకుని కూడా సండర్లాండ్ మరుసటి ఏడే ఇంకో మెట్టు కిందికి, మూడో డివిజన్‌కి జారింది. మళ్లీ పైకి రావడానికి 2025 దాకా పట్టింది. మరి పారాచూట్ అసలే లేని క్లబ్బుల సంగతి? పారాచూట్ ఉన్న వాళ్లతో సమానంగా జీతాలివ్వాలని అప్పులు చేస్తాయి. పైకెళితే అన్నీ తీరిపోతాయని ఆశ. లాటరీ టికెట్ కోసం పొలం తాకట్టు పెట్టినట్టు ఉంటుంది చూస్తుంటే.

కింది డివిజన్ల వాళ్లు కూడా ఒకసారి టీవీని నమ్మారు. ఐటీవీ డిజిటల్ అనే కంపెనీ మూడేళ్లకు 31.5 కోట్ల పౌండ్లు ఇస్తానంది. క్లబ్బులు ఆ డబ్బు వచ్చేస్తుందని లెక్కేసుకుని ఆటగాళ్లతో పెద్ద జీతాలకు సంతకాలు చేశాయి. 2002లో కంపెనీ మూతపడింది. ఇంకా రావాల్సింది 17.8 కోట్లకు పైనే. ఆటగాళ్లని వదిలేసిన క్లబ్బులెన్నో, దివాలా మెట్లెక్కినవెన్నో. ఫ్రాన్స్‌లో ఇదే కథ 2020లో మళ్లీ జరిగింది. మీడియాప్రో అనే కంపెనీ ఏటా 80 కోట్ల యూరోలకు పైగా ఇస్తానని హక్కులు తీసుకుని నాలుగు నెలలు తిరక్కుండానే చేతులెత్తేసింది. తర్వాత అమెజాన్ అందులో పెద్ద భాగాన్ని పాతిక కోట్లకు తీసుకుంది. టీవీ డబ్బు చేతికొచ్చే దాకా డబ్బు కాదు అన్నది వాళ్లు రెండుసార్లు నేర్చుకున్న పాఠం.

స్పెయిన్‌లో ఇంకో రకం. అక్కడ 2015 దాకా ఏ క్లబ్బు హక్కులు ఆ క్లబ్బే అమ్ముకునేది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా ఒక్కొక్కటి ఏడాదికి 14 కోట్ల యూరోల దాకా తెచ్చుకుంటుంటే చిన్న క్లబ్బుకి 1.8 కోట్లు. ఏడెనిమిది రెట్ల తేడా. ఇంగ్లండ్‌లో అందరూ కలిసి అమ్మి పంచుకుంటే, ఇక్కడ బలమున్నోడిదే సంత. చివరికి ప్రభుత్వమే చట్టం తెచ్చి అందరూ కలిసే అమ్మాలంది. ఆ రోజుల్లోనే ఐబార్ అనే ఊరి క్లబ్బు పై డివిజన్‌కి అర్హత సాధించింది. ఊరి జనాభా 27 వేలు. మన మండల కేంద్రం ఒకటి పెద్దదైతే అంత ఉంటుంది. ఐబార్‌కి అప్పు లేదు, జీతం బకాయి లేదు. అయినా మూలధనం తక్కువుందని, 17 లక్షల యూరోలు పెంచకపోతే కింది డివిజన్‌కి తోసేస్తామన్నారు. వాళ్లు ప్రపంచమంతా చందా అడిగినట్టు షేర్లు అమ్మారు. పదులకొద్దీ దేశాల వాళ్లు కొన్నారు. ఐబార్ పైకెళ్లి ఏడేళ్లు ఆడింది. కొత్త పంపకం చట్టం రావడం వాళ్లకి ఊపిరి పోసిందనే చెప్పాలి. రూలు ఉంటే చిన్న ఊరు కూడా నిలబడగలదని మేము ఎవరితోనైనా వాదించాల్సి వస్తే ఐబార్ పేరే చెప్తాం.

ఇంగ్లండ్ వాళ్ల పాత రూలు ఒకటి కూడా చెప్పుకోవాలి, చాలామందికి తెలీదు. శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఆ దేశంలో ఏ ఫుట్‌బాల్ మ్యాచూ టీవీలో లైవ్ ఇవ్వకూడదు. 1960లలో మొదలైన పద్ధతి ఇది. కారణం చిన్న క్లబ్బుల గేటు. పెద్ద మ్యాచ్ టీవీలో వస్తుంటే పక్క ఊరి చిన్న మ్యాచ్‌కి జనం రారు కదా. ఇన్ని వేల కోట్లు వచ్చాక కూడా ఆ రెండున్నర గంటలు మాత్రం అమ్మలేదు.

ఇక మన దేశానికి వద్దాం. టీవీకీ ఫుట్‌బాల్‌కీ మంచి పొత్తు కుదిరిన చోటు ఒకటి ఇక్కడే ఉంది. అది ముంబై కాదు, మిజోరమే. 2012లో మిజోరం ప్రీమియర్ లీగ్ ఎనిమిది టీములతో మొదలైంది. డబ్బు పెట్టింది జోనెట్ అనే లోకల్ కేబుల్ సంస్థ. అయిదేళ్లకు కోటి పాతిక లక్షల ఒప్పందం. అంటే ఏడాదికి పాతిక లక్షలు. ఎనిమిదితో భాగిస్తే క్లబ్బుకి మూడు లక్షల చిల్లర. చెల్సీ ఆటగాడి ఒక పూట జీతం అనుకోండి. కానీ ఆ కొంచెం డబ్బుతో ఏం జరిగిందో చూడండి. కొండ మీద ఇళ్లల్లో కూర్చున్న వాళ్లు తమ వీధి టీముని తమ భాషలో టీవీలో చూశారు. పిల్లలు చూశారు. టీవీలో కనబడేవాడు పక్కింటి అన్న. 2014లో మిజోరం సంతోష్ ట్రోఫీ గెలిచింది. మూడేళ్లకి ఐజ్వాల్ ఐ-లీగ్ గెలిచింది. అంతా కేబుల్ టీవీ పుణ్యమే అనడం లేదు, అక్కడ చర్చి గ్రౌండ్ల నుంచీ వీధి టోర్నమెంట్ల నుంచీ ఆట ముందే ఉంది. కానీ ఉన్న ఆటకి టీవీ నీళ్లు పోసింది, పంట వాళ్ల ఊళ్లోనే పండింది.

జాతీయ స్థాయిలో జరిగింది వేరు. 2010లో మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ తన వాణిజ్య హక్కులన్నీ, టీవీతో సహా, 15 ఏళ్లకు 700 కోట్లకు ఐఎంజీ-రిలయన్స్‌కి రాసిచ్చేసింది. వాళ్లు 2014లో ఐఎస్ఎల్ పెట్టారు. చూపించే స్టార్ సంస్థకీ ఆ లీగు కంపెనీలో వాటా ఉండేది. అంటే లీగు నడిపేవాడూ చూపించేవాడూ ఒకే ఇంటివాళ్లు. సినిమా వాళ్లు, క్రికెటర్లు, వ్యాపారులు యజమానులుగా వచ్చారు. ఏటా కోట్లలో ఫ్రాంచైజీ ఫీజు కట్టినోడికే చోటు. అప్పట్లో పైకి రావడం, కిందికి పోవడం లేదు. ఇంగ్లండ్ నుంచి రంగూ లైటింగూ తెచ్చుకున్నారు గానీ, ఆఖరోడు పడిపోయి కింది చాంపియన్ పైకొచ్చే ఆ ఒక్క తలుపు మాత్రం తెచ్చుకోలేదు. ఎనిమిది ఈశాన్య రాష్ట్రాలకి కలిపి గువాహటిలో ఒకే క్లబ్బు ఇచ్చారు.

ఐ-లీగ్‌కి ఏమైంది? 2018-19 సీజన్ మధ్యలో చాలా మ్యాచ్‌లని టీవీలో చూపించడం ఆపేశారు. టీవీలో కనబడని టీముకి స్పాన్సరు ఎవడిస్తాడు? క్లబ్బులు కోపంతో సూపర్ కప్‌ని బహిష్కరించాయి. మరుసటి సీజన్‌కి ఐఎస్ఎల్‌నే దేశపు మొదటి లీగుగా ప్రకటించేశారు. ఐ-లీగ్ విజేతకి ఫీజు లేకుండా పైకొచ్చే తలుపు 2022-23 నుంచి గానీ తెరవలేదు. ఐజ్వాల్ ఆరేళ్ల ముందే గెలిచింది. వాళ్ల తప్పల్లా ముందే గెలవడమా అనిపిస్తుంది మాకు.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఆటగాళ్ల జీతాలు ఐఎస్ఎల్ వల్ల పెరిగాయి. జేజే లాల్‌పెఖ్లువా, లాలియాంజువాలా ఛాంగ్టే లాంటి మిజో కుర్రాళ్లు ఇల్లు కట్టుకునేంత సంపాదించగలిగారంటే, దేశమంతా వాళ్ల పేరు పలుకుతోందంటే ఆ టీవీ డబ్బు పాత్ర ఉంది. కాదనం. కానీ గమనించండి, కొండ నుంచి కాళ్లు తీసుకెళ్లారు, క్లబ్బుని రానివ్వలేదు. ఆటగాడు వెళితే ఒక కుటుంబం బాగుపడుతుంది. క్లబ్బు వెళితే ఊరి గ్రౌండు, కోచ్, పిల్లల టీము, మ్యాచ్ రోజు టీ అమ్ముకునే అవ్వ, అందరూ బాగుపడతారు. మన దగ్గర నుంచి ఖనిజం పోయినా, కలప పోయినా, ఆటగాడు పోయినా లెక్క ఒకటే అయిపోతోంది.

మన హైదరాబాద్ సంగతి కూడా చూద్దాం. 1950లలో హైదరాబాద్ సిటీ పోలీస్ టీము వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్ కోచింగ్. టీవీ లేదు, టీవీ డబ్బు లేదు, ఆటగాడికి డిపార్టుమెంటు ఉద్యోగం ఉండేది. ఆట అయిపోయినా నెల జీతం వచ్చేది. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచింది, గచ్చిబౌలి మురిసిపోయింది. రెండేళ్లు తిరక్కుండా ఆటగాళ్లకి జీతాల్లేవు. విదేశీయులు వెళ్లిపోయారు, కుర్రాళ్లతో నెట్టుకొచ్చి 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచారు. తర్వాత యజమాని మారాడు. 2025లో క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. చాంపియన్ అయిన క్లబ్బుని సామాన్ల లారీలాగా ఊరు మార్చేయగలిగారు, ఎందుకంటే ఆ క్లబ్బు ఊరిది కాదు, లైసెన్సు ఉన్నోడిది. ఐజ్వాల్‌ని అలా ఎవరూ తీసుకెళ్లలేరు. వాళ్లకి దక్కకపోయినా పోగొట్టుకోనిది అదొక్కటి.

ఇక ఆ 15 ఏళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో అయిపోయింది. అంతకుముందే జూలైలో సీజన్ ఆపేశారు. కొత్తగా హక్కులకి టెండరు పిలిస్తే నవంబరులో గడువు ముగిసేసరికి ఒక్కరు కూడా బిడ్ వేయలేదు. ఒక్కరు కూడా! అన్ని క్లబ్బులూ, వందల మంది ఆటగాళ్లూ, సిబ్బందీ, ఏ ఛానలో దయ తలిస్తే గానీ ఆట మొదలవని స్థితికొచ్చారు. ఇంగ్లండ్‌లో ఐటీవీ డిజిటల్ మునిగినా కింద గేటు డబ్బులూ, నూరేళ్ల అభిమానులూ ఉన్నారు కాబట్టి చాలా క్లబ్బులు లేచాయి. ఇక్కడ కింద ఏమీ కట్టలేదు, పైకప్పు మాత్రం వేశారు.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. నిజామాబాద్ జిల్లా బిడ్డ సౌమ్య గుగులోత్ ఈస్ట్ బెంగాల్‌కి ఆడి 2024-25లో మహిళల లీగు గెలిచింది, ఆ ఏడాది ఫెడరేషన్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా తనదే. మన గ్రూపులో తన మ్యాచ్ ఒక్కటైనా టీవీలో చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాశామంటే, మన మండల టోర్నమెంట్‌ని లైవ్ ఇస్తామని ఒక లోకల్ యూట్యూబ్ ఛానల్ వాళ్లు వచ్చారు. నలభై వేలు ఇస్తారట. పెద్ద టీములు ఆడే మ్యాచ్‌లే లైవ్, అవి లైట్ల కింద సాయంత్రం పెట్టాలి, డబ్బంతా మొదటి బహుమతిలో కలపాలి అంటున్నారు. కమిటీలో సగం మంది ఓకే అంటున్నారు, పెద్ద బహుమతి అంటే పేరొస్తుందని. మేము ఒప్పుకోం. పదహారు టీములున్నాయి. ఇరవై వేలు పదహారుకీ సమానంగా పంచితే టీముకి 1,250. లోపలి గూడెం నుంచి వచ్చి మొదటి రౌండులోనే ఓడిపోయే టీముకి అది ఆటో ఖర్చు. పోయినేడు ఆ ఖర్చుకి భయపడి మూడు టీములు రాలేదు. పదివేలు స్థానాన్ని బట్టి ఇద్దాం. ఇంగ్లండ్ వాళ్లలాగా ఎన్నిసార్లు చూపించారన్న పావు వాటా మాత్రం మనకొద్దు, చూపించేది ఎవరిని అన్నది ఛానల్ వాడి ఇష్టం కాబట్టి. ఆ పదివేలు అమ్మాయిల టీములకి బంతులకీ బూట్లకీ పెడదాం. వాళ్ల మ్యాచ్‌లు రెండైనా లైవ్ ఇవ్వాలని కాగితంలో రాయిద్దాం. సాయంత్రం మ్యాచ్ పెడితే దూరం గూడేల వాళ్లు రాత్రి ఇంటికెట్లా పోతారు? వాళ్ల మ్యాచ్‌లు పొద్దున్నే ఉండాలి, అది కూడా రాయించాలి. ఇంకొకటి, డబ్బు సగం ముందే ఇస్తేనే సంతకం.

ఆదివారం పదింటికి హాస్టల్ గ్రౌండులో మీటింగ్. కాదనేవాళ్లు కూడా రండి, లెక్క వేసుకుని రండి. ఒప్పందం కాగితం ఫొటో సంతకానికి ముందే ఇక్కడ గ్రూపులో పెడతాం.